కొత్త నగరం, పాత కేసు

సూరత్‌కు తూర్పున ముప్ఫై కిలోమీటర్లు దాటితే బార్డోలీ. 1928లో శిస్తు పెంపుకు ఎదురు నిలిచిన తాలూకా ఇది. వల్లభ్‌భాయ్ పటేల్‌కు సర్దార్ అన్న పేరు ఈ పోరాటంతోనే స్థిరపడింది. ఇప్పుడు చుట్టూ చెరకు తోటలు, పెద్ద సహకార చక్కెర ఫ్యాక్టరీ, కడోదరా వైపు వెళ్తే బట్టల మిల్లులు ఉన్నాయి. ఈ దారిలో తెలుగు కూడా వినిపిస్తుంది. తెలంగాణ నుంచి మగ్గాల పని మీద వచ్చిన పద్మశాలీలు సూరత్‌లో తరాలుగా ఉంటున్నారు. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది.

అలాంటి ఒక ఇంట్లో, మామకూ మేనకోడలికీ మధ్య సాగుతుంటే నేను విన్న వాదన ఇది. మామ సిరిసిల్ల నుంచి వచ్చి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపి, తర్వాత నూలు దళారీగా పనిచేసి, బార్డోలీలో స్థిరపడ్డాడు. మేనకోడలు ఈ ఊరి బడిలోనే సాంఘికశాస్త్రం చెబుతుంది. వాదనకు కారణం జాన్ టాల్టన్ అనే అమెరికన్ రచయిత డేవిడ్ మాప్‌స్టోన్ డిటెక్టివ్ నవలలు. అన్నీ అరిజోనా ఎడారిలోని ఫీనిక్స్ నగరం చుట్టూ తిరుగుతాయి. 2001లో మొదలై 2018 నాటికి తొమ్మిది వచ్చాయి. మామ కొడుకు ఉండేది ఫీనిక్స్ పక్కనే, చాండ్లర్‌లో. అక్కడి చిప్పుల పరిశ్రమను నమ్ముకుని వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది. ఆ పుస్తకాలు అతనే తెచ్చి ఇక్కడ వదిలి వెళ్లాడు.

మామ: తొమ్మిది పుస్తకాలు, అన్నీ ఒక్క ఊరి మీదనే. నా కొడుకు పెండ్లాం పిల్లలతోని బతుకుతున్న ఊరది. ఆ ఊర్ల ఎవన్ని ఎవడు చంపిండు, శవం ఏ ఎడారిల దొరికింది, ఇది చదువుకుంట కూసుంటే నీకు నిద్రెట్ల పడుతుంది బిడ్డా?

మేనకోడలు: నాకంటె ముందు బావనే చదివిండు మామా. ఇల్లు కొందామనుకున్నప్పుడు మొదలువెట్టిండట. ఇల్లు అమ్మేటోళ్లు చూపించిన బొమ్మలల్ల అంత మంచిగనే ఉన్నది, ఈ జాగల ఇంతకుముందు ఏమున్నదో ఒక్కరు సుత చెప్పలే అన్నడు. అది తెలుసుకుందామని చదివిండు.

మామ: జాగ సంగతి తెలుసుకునేటందుకు డిటెక్టివ్ నవలనా? మేము చదవలేదా? సిరిసిల్లల అద్దె పుస్తకాల దుకాణం ఉండె. రాత్రి పాళి దిగినంక కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, తర్వాత మధుబాబు షాడో, ఒక్కటి విడువలే. యుగంధర్ మద్రాసుల ఉంటడు, పక్కన అసిస్టెంటు రాజు. ఆ పుస్తకాలు చదివి మద్రాసు గురించి నాకేం తెలిసింది? ఏం తెల్వలే. మద్రాసు కోసం చదవలే కూడ. పొద్దంత చెవులల్ల సాంచె చప్పుడే. దాన్ని మరిచిపోవాలని చదివినం. డిటెక్టివ్ పుస్తకం పని అంతే.

మేనకోడలు: యుగంధర్‌ను నువ్వు ఎంత ప్రేమగ చెప్తవో నాకు తెల్సు. ఆ పుస్తకాలను నేను తక్కువ చేస్తలేను. గని యుగంధర్‌ను మద్రాసు నుంచి తీసి బొంబాయిల పెడితే కథ ఆగదు. షాడో అయితే దేశాలే తిరుగుతడు. ఈ నవలలు అట్ల కదలవు. హీరో పేరు డేవిడ్ మాప్‌స్టోన్. చరిత్ర చెప్పే ప్రొఫెసర్. ఉద్యోగం పోయి, పుట్టిన ఊరు ఫీనిక్స్‌కు తిరిగొస్తడు. పాత స్నేహితుడు మైక్ పెరాల్టా అక్కడి షెరిఫ్ ఆఫీసుల పెద్ద అధికారి. ఎవ్వరూ తేల్చని పాత కేసులను చరిత్రకారుని లెక్క తవ్వమని పని ఇస్తడు. మొదటి నవల ‘కాంక్రీట్ డెజర్ట్’ల నలభై ఏండ్ల కింద మాయమైన ఒక యువతి కేసు. ‘కాక్టస్ హార్ట్’ల ఎన్నో ఏండ్ల కింద ఎత్తుకపోయిన కవల పిల్లలు. ‘డ్రై హీట్’ల, ఇల్లూ వాకిలీ లేని ముసలాయన శవం మీద ఎన్నడో పోయిన ఎఫ్‌బీఐ అధికారి బిళ్ల దొరుకుతది. ప్రతి కేసుల, ఇవ్వాళ కట్టిన గోడ కింద నిన్నటి ఊరు బయటపడుతది.

మామ: కథ మంచిగ అల్లిండు అను, ఒప్పుకుంట. గని నిజం కావాలంటే నిజం చెప్పే పుస్తకం చదవాలె. మన బార్డోలీ సంగతి తెల్వాలంటే మహదేవ్ దేశాయ్ రాసిన చరిత్ర ఉన్నది. స్వరాజ్ ఆశ్రమం ఉన్నది, పోయి చూడొచ్చు. 1922ల చౌరీచౌరా అయినంక గాంధీ సత్యాగ్రహం ఆపింది ఈ ఊరి నుంచే. 1928ల శిస్తు 22 శాతం పెంచుతమంటే రైతులు కట్టమన్నరు, ఆఖరికి విచారణ చేసినోళ్లు ఆరు శాతం చాలన్నరు. పేర్లు, తారీఖులు, లెక్కలు. హత్య లేదు, దొంగ లేడు. చరిత్ర అంటే ఇట్ల ఉండాలె.

మేనకోడలు: ఆ పాఠం నేను బడిల ఏటా చెప్తనే ఉన్న. చెప్పినప్పుడల్ల ఒక పిల్లగాడో పిల్లనో అడుగుతది, “టీచర్, ఆ పొలంల పనిచేసినోళ్లు ఏమైన్రు?” అని. అది భూమి ఉన్న రైతుల పోరాటం. ఆ భూముల మీద తరతరాల అప్పుకు కట్టుబడి హాళీలుగ బతికిన కూలోళ్లు ఆ కథకు అంచుల ఉంటరు. ఆశ్రమం వాళ్ల కోసం బడులు పెట్టింది, నిజమే. అయినా 1928 అనంగనే మనకు కనపడేది రైతు. తారీఖులు అన్నీ కరెక్టుగ ఉన్న పుస్తకంల కూడ మనుషులు తప్పిపోతరు మామా. తప్పిపోయినోళ్లను వెతికేటోడే డిటెక్టివ్.

ఈ ఒక్క మాటతో నేను మేనకోడలి వైపు మొగ్గాను. మామ మొగ్గలేదు.

మామ: మాట మంచిగ తిప్పినవ్. అయితే చెప్పు, ఆ ఫీనిక్స్ ఎంత పెరిగింది? మన సూరత్ కంటె ఎక్కువనా? 2001 జనాభా లెక్కల సూరత్ 24 లక్షలు, 2011ల 44 లక్షలు. పదేండ్లల్ల ఇంత. నేను వచ్చినప్పుడు చుట్టూ పొలాలున్న ఉధ్నా ఇప్పుడు ఊరి నడుమ ఉన్నది.

మేనకోడలు: 1950ల ఫీనిక్స్ జనం లక్షా ఏడు వేలు. 2020ల 16 లక్షల పైన, అమెరికాల అయిదో పెద్ద నగరం. చుట్టూ ఉన్న చాండ్లర్, మేసా, స్కాట్స్‌డేల్ లెక్కల కలపకుండనే. వాన దాదాపు పడని జాగల ఇంతమంది ఎట్ల బతుకుతున్నరు? కాలువలతోని. వెయ్యేండ్ల కిందనే హోహోకమ్ అనే జనం ఆ ఎడారిల వందల మైళ్ల కాలువలు తవ్విన్రు. 1450 ప్రాంతంల వాళ్ల ఊళ్లు ఖాళీ అయినయ్. 1860లల్ల వచ్చిన తెల్లోళ్లు ఆ పాత కాలువలనే తిరిగి తవ్వి వ్యవసాయం చేసిన్రు. చచ్చిన నాగరికత మీద లేస్తున్న ఊరని దానికి ఫీనిక్స్ అని పేరు పెట్టిన్రు. 1911ల సాల్ట్ నది మీద రూజ్‌వెల్ట్ డ్యామ్ కట్టిన్రు. అది చాలక, కొలరాడో నది నుంచి 540 కిలోమీటర్ల కాలువ తవ్విన్రు. 1973ల మొదలైతే 1993 దాక పట్టింది.

మామ: మనకు కాక్రాపార్ కాలువ లెక్క.

మేనకోడలు: అచ్చం. ఇక్కడ చెరకు పండుతున్నదంటే తాపీ మీది కాక్రాపార్, ఉకాయి నీళ్లే. ఉకాయి కింద వందకు పైగ ఆదివాసీ ఊర్లు మునిగినయ్. ఏటా చలికాలం చెరకు కొట్టెటందుకు డాంగ్ నుంచి, ఖాందేశ్ నుంచి కుటుంబాలు బండ్లేసుకొని వస్తయి, పొలాల పక్కన గుడిసెలేసుకుంటయి. నీళ్లు ఒకల దగ్గరి నుంచి తీసి ఇంకొకలకు ఇచ్చినప్పుడు అక్కడ ఒక పాత కేసు పడి ఉన్నట్టే. ఫీనిక్స్‌ల ఆ కేసు ఇంకా దగ్గరిది, నీకు తెలిసిన సరుకుతోని ముడిపడి ఉన్నది. పీమా పత్తి.

మామ: పీమానా? ఎందుకు తెల్వదు! సూరత్‌ల మనం నేసింది పాలిస్టరే గని, దళారీగ కోయంబత్తూరు నూలు సుత అమ్మిన. పీమా అంటే పొడుగు పింజ పత్తి. సన్న నూలు తీయొచ్చు, తెగదు, మెరుపుంటది. ఆ పేరు చెప్తేనే రేటు మారుతది.

మేనకోడలు: ఆ పేరు ఫీనిక్స్ పక్కనుండే పీమా జనానిది. ఇరవయ్యో శతాబ్దం మొదట్ల సకటోన్ అనే ఊర్ల, వాళ్ల భూమి మీద, అమెరికా వ్యవసాయ శాఖ ఈజిప్టు పత్తి నుంచి ఆ రకాన్ని తీసింది. పంట పండించింది పీమా రైతులు. వాళ్లు అంతకుముందు వందల ఏండ్లుగ గిలా నది నీళ్లతోని పంటలు తీసినోళ్లే. పందొమ్మిదో శతాబ్దం చివర ఎగువన దిగిన కొత్త రైతులు నదిని మలుపుకుంటే వీళ్ల పొలాలు ఎండి కరువొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంల ఈజిప్టు పత్తి రాక తగ్గేసరికి టైర్ల గుడ్డ కోసం గుడ్‌ఇయర్ కంపెనీ ఫీనిక్స్ చుట్టూ భూములు కొని పొడుగు పింజ పత్తి వేయించింది. ఆ కంపెనీ పేరు మీద లేచిన ఊరు ఇప్పుడు ఇండ్ల కాలనీలతోని నిండిన పట్నం. పీమా జనానికి మాత్రం నీళ్ల వాటా చట్టంల తిరిగి రాసింది 2004లనే.

మామ: (కొంతసేపు ఏమీ అనలేదు.) పేరు సరుకుకు ఇచ్చి, నీళ్లు మనిషి దగ్గర గుంజుకున్నరు. నేను ఆ పేరు చెప్పి ఎన్ని బేళ్లు అమ్మిననో. గని ఆగు. ఇదంత ఆ నవలలల్ల ఉన్నదా?

మేనకోడలు: లేదు. నవల చదివినంక నేను వెతుక్కొని చదివిన.

మామ: ఇగో, దొరికినవ్! నిజం చెప్పింది చరిత్ర పుస్తకం. నవల చెప్పలే.

మేనకోడలు: అడిగించింది నవలనే మామా. మాప్‌స్టోన్ కార్ల పోతుంటే, ఇక్కడ నారింజ తోటలుండె, ఇక్కడ కాలువ గట్టు మీద చెట్లుండె అని చెప్పుకుంట పోతడు. తొమ్మిది పుస్తకాలు ఆయన పక్కన కూసుంటే నీకు కూడ ప్రతి ఖాళీ జాగ చూసి “ఇది ఎవలది?” అని అడగబుద్ధి అయితది. ఒక్క పుస్తకంతోని ఆ అలవాటు రాదు. సీరీస్ చదువుడంటే అదే. విల్లో అనే పాత వాడల తాత కట్టిన ఇంట్ల ఉంటడు మాప్‌స్టోన్. ఆ ఇల్లు మారదు. దాని చుట్టూ ఊరు పుస్తకం పుస్తకానికి మారుతది. మొదటి దాంట్ల ఏదో పాత కేసులు చూసే పార్ట్‌టైం పోలీసు, తర్వాతి పుస్తకాలల్ల పెండ్లి, దోస్తుకు అధికారం, అధికారం పోవుడు. మనుషులు ముసలోళ్లు అవుతరు. ‘కాక్టస్ హార్ట్’ పుస్తకం వచ్చింది 2007ల గని కథ నడిచేది 1999ల. అందుకే అచ్చయిన వరుసల చదవాల్నా, కథ వరుసల చదవాల్నా అని ఫోన్ల బావతోని నాకు పెద్ద పేచీ. నేను అచ్చయిన వరుసనే అంట. రచయితకు కోపం ఎట్ల పెరుగుతూ వచ్చిందో అట్లయితేనే తెలుస్తది.

మామ: అక్కడనే నాకు అసలు బాధ. కోపం అన్నవ్ గద, ఎవల మీద కోపం? నువ్వు చెప్పినదాన్ని బట్టి ఆ రాసినాయన ఆ ఊర్ల పుట్టినోడు, తాతముత్తాతల కాలం నుంచి ఉన్నోడు. నారింజ తోటలు పోయినయని ఏడుస్తున్నడు. తోటలు ఎవలచ్చినంక పోయినయ్? బయటోళ్లు వచ్చినంక. ఆ బయటోళ్లల్ల నా కొడుకున్నడు. ఇక్కడ నేనున్న. ఈ ఏడుపు నాకు కొత్త కాదు బిడ్డా. 1994ల సూరత్‌కు ప్లేగు వచ్చింది. లక్షల మంది రైళ్లెక్కి పారిపోయిన్రు. అప్పుడు అందరి వేళ్లు ఎటు చూపినయ్? వలస వచ్చినోళ్ల బస్తీల దిక్కు. మంచి ఊరుండె, వీళ్లొచ్చి చెడగొట్టిన్రు అన్నరు. మోరీలు లేని జాగల మాకు అర్రలు కిరాయికి ఇచ్చినోళ్ల మాట ఎవరూ ఎత్తలే. తర్వాత కమిషనర్ ఎస్.ఆర్. రావు ఊరు కడిగించిండు, సూరత్ శుభ్రతకు పేరు పొందింది, మంచిదే. గని ఆ మాట నా చెవులల్ల ఉండిపోయింది. పాత ఊరు, మంచి ఊరు అని ఎవడు రాసినా నాకు అదే వినపడుతది.

(ఈ వాదనలో మామ చెప్పినవాటన్నిటిలో బలమైనది ఇదే అని నా అభిప్రాయం. ఊరి మీద బెంగతో రాసే సాహిత్యమంతా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. పుట్టినవాడికి ఉన్న జ్ఞాపకం వచ్చినవాడికి నేరారోపణ కాకూడదు.)

మేనకోడలు: నువ్వు అన్నదాంట్ల అబద్ధం లేదు. ఆయన బెంగ కొన్ని పేజీలల్ల నాకు కూడ ఎక్కువనిపించింది. గని ఆయన కోపం ఎవల మీదనో చూడు. కొత్తగ వచ్చి ఇల్లు కొనుక్కున్నోని మీద కాదు. నీళ్లు లేని భూమిని నీళ్లున్నయని అమ్మినోని మీద, వానికి కాయితాలు చేసిచ్చినోని మీద. ఇది ఆయన ఊహించింది కాదు. 1960లు, 70లల్ల అరిజోనాల భూమోసాలు ఎంత పెద్దవంటే, నెడ్ వారెన్ అనేటోన్ని భూమోసాల గాడ్‌ఫాదర్ అనేటోళ్లు. దూరదేశంల ఉన్న ముసలోళ్లకు, సిపాయిలకు ఎడారిల ప్లాట్లు అమ్మిండు. అటువంటి సంగతులు బయటపెట్టిన విలేఖరి డాన్ బోల్స్, అరిజోనా రిపబ్లిక్ పత్రికల పనిచేసిండు. 1976 జూన్ 2న, భూమోసం గురించి చెప్తనని ఒకడు ఆయనను హోటల్‌కు పిలిచిండు. బయటికొచ్చి కారు కదిలిస్తే కింద పెట్టిన బాంబు పేలింది. పదకొండు దినాలు కొట్లాడి చచ్చిపోయిండు.

మామ: విలేఖరినా? పట్టపగలా?

మేనకోడలు: పట్టపగలు, ఊరి నడుమ. తర్వాత దేశం నలుమూలల నుంచి విలేఖరులు ఫీనిక్స్ వచ్చి, మనిషిని చంపితే వార్త చావదని చూపెట్టేటందుకు కలిసి పరిశోధన చేసి 1977ల అచ్చేసిన్రు. టాల్టన్ కూడ అదే పత్రికల కాలమ్ రాసిండు, 2007 దాక. ఈ సీరీస్‌ల తొమ్మిదో నవల ‘ది బాంబ్ షెల్టర్’ల, బాంబుతోని చచ్చిపోయిన ఒక విలేఖరి పాత కేసే మళ్లా తెరుస్తరు. పేరు వేరు, ఊరి మచ్చ అదే. ఇగ నువ్వు చెప్పు, ఈ పుస్తకం బావ మీద రాసిందా, బావ కోసం రాసిందా? 1980ల ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. పెద్ద నగరాల చుట్టూ కొత్త ప్లాట్లు అమ్మాలంటే నూరేండ్లకు సరిపడ నీళ్లున్నయని చూపెట్టాలె. 2023 జూన్‌ల, ఫీనిక్స్ చుట్టూ భూగర్భ జలాన్నే నమ్ముకున్న కొత్త కాలనీలకు ఇగ అనుమతి ఇయ్యమన్నరు. ఇల్లు కొనేటోడు అడగాల్సిన మొదటి ప్రశ్న నీళ్లది. బావకు ఆ ప్రశ్న నేర్పింది బ్రోకర్ కాదు, డిటెక్టివ్ నవల.

మామ: ఇల్లు కొన్నడా మరి?

మేనకోడలు: కొన్నడు. నీళ్ల కాయితం చూసినంకనే.

మామ: మంచిది. గని ఇంకొక మాటకు జవాబు చెప్పు. 2023ల ఆ ఊర్ల వరుసగ 31 దినాలు ఎండ 43 డిగ్రీలు దాటిందని నా కొడుకు చెప్పిండు. ఆ ఒక్క ఏడు ఆ జిల్లాల ఎండకు 645 మంది పోయిన్రని వార్తల్ల విన్న. ఆరు వందల నలభై అయిదు! ఇంటికి కరెంటు లేనోళ్లు, ఇల్లే లేనోళ్లు. ఏ మాప్‌స్టోన్ పట్టుకోవాలె ఆ హంతకున్ని? మీ డిటెక్టివ్ కథకు చివర ఒక మనిషి కావాలె, వానికి బేడీలు పడాలె, చదివినోడు పుస్తకం మూసి హాయిగ పండుకోవాలె. మా సాంచెలల్ల దుమ్ముకు ఊపిరితిత్తులు పోయినోళ్లను చూసిన. చేసినోడు ఒకడు కాదు. ఊరు మెల్లగ చంపుతది బిడ్డా. అటువంటి చావుకు ఈ కథల జాగ లేదు.

మేనకోడలు: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు మామా. డిటెక్టివ్ కథ ఆఖరి పేజీల ఒక పేరు అడుగుతది, నిజమే. గని మంచి రచయిత చేతుల ఆ పేరు దొరికినంక కూడ కథ చల్లారదు. బెంగాలీల శరదిందు బంద్యోపాధ్యాయ్ వ్యోమకేశ్ కథలు రాసిండు. దాంట్ల ‘ఆదిమ రిపు’ 1946 కలకత్తా అల్లర్ల నడుమ మొదలై స్వాతంత్ర్యం వచ్చే రాత్రికి ముగుస్తది. ఆ హత్య ఎవడు చేసిండో తెలుస్తది. అయినా ఆ ఏడు కలకత్తాల పోయిన వేలమంది సంగతి మన మనసుల తెరుచుకునే ఉంటది. ఒక్క చావుకు విలువ కట్టి, ఎవడు చేసిండని మూడు వందల పేజీలు వెతికే కథ చదివినోడు, 645 అన్న లెక్క చూసి ఊరికే పేజీ తిప్పడు. నాకు అట్లనే అయింది. నీకు అయితదా లేదా అన్నది నువ్వు చదివితేనే తెలుస్తది.

మామ: సరే, ఆ లెక్క అట్లుంచు. ఆ తొమ్మిదింట్ల మనోళ్లు ఎంతమంది ఉన్నరు? చాండ్లర్‌ల గల్లీకి ఇద్దరు తెలుగోళ్లు ఉంటరంటడు నా కొడుకు. మారికోపాల మహాగణపతి గుడి కట్టుకున్నరు. మరి కథల ఉన్నరా?

మేనకోడలు: కథ నడిపేటోళ్లల్ల లేరు. మాప్‌స్టోన్, పెరాల్టా, మాప్‌స్టోన్ భార్య లిండ్సీ. తెల్లోళ్లు, మెక్సికన్ మూలాలున్నోళ్లు.

మామ: గదే నేననేది. ఊరు పెరిగింది ఎవల చేతులతోని? పెరిగిన ఊరి కథల వాళ్లు లేకపోతే అది సగం ఊరే. సూరత్ మీద రేపు ఎవరన్న గుజరాతీల ఇట్లనే సీరీస్ రాస్తే, సాంచెల మీద పనిచేసిన ఒడియావోళ్లు, తెలుగోళ్లు దాంట్ల సాక్షులుగనో శవాలుగనో వస్తరు. కేసు తేల్చేటోడు మాత్రం మనోడు కాడు.

మేనకోడలు: దానికి మందు చదువుడు మానుడు కాదు, రాసుడు. టోనీ హిల్లర్‌మన్ అని ఇంకొకాయన ఉండె. అరిజోనా, న్యూమెక్సికో ఎడారిల నవాహో పోలీసుల మీద సీరీస్ రాసిండు. మొదటిది 1970ల వచ్చింది. ఆయన నవాహో కాదు, బయటోడు. వాళ్ల ఆచారాలు, నేల, మాటతీరు అంత శ్రద్ధగ రాసిండని 1987ల నవాహోలే పిలిచి తమ ప్రత్యేక మిత్రుడని గౌరవించిన్రు. బయటోడు అంత రాయగలిగినప్పుడు, యాభై ఏండ్లు సూరత్‌ల బతికిన మనం మన ఊరి మీద ఎందుకు రాయలేం?

మామ: ఎవల భాషల రాస్తవ్? గుజరాతీలనా?

మేనకోడలు: తెలుగులనే. మనకు డిటెక్టివ్ రాసుడు కొత్త కాదు గద. యుగంధర్‌ను చదివినోళ్లు లక్షల మంది ఉండె. కథల ఊరు లేకుండె, అంతే. హైదరాబాదు సంగతే చూడు. 1998ల సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి గచ్చిబౌలి, కొండాపూర్ ఎంత మారినయ్! ఎన్ని రాళ్ల గుట్టలు పోయినయ్, ఎన్ని చెరువుల మీద అపార్ట్‌మెంట్లు లేచినయ్! ఒక్క ఊరి మీద, ఒక్క డిటెక్టివ్‌తోని, ఏండ్ల తరబడి నడిచే సీరీస్ మనకేది? చెరువు ఎవలు పూడ్చిన్రు అన్నదానికంటె పెద్ద మిస్టరీ ఏముంటది?

మామ: నేను ఇప్పటికీ ఒప్పుకోను. చావు చుట్టూ ఊరి కథ అల్లుడు నాకు నచ్చదు. ఊరంటే పెండ్లిళ్లు, బతుకమ్మ, సాంచె ఆగినప్పుడు తాగిన చాయ, అన్నీ ఉంటయి. గని భూమి అమ్మినోన్ని పట్టుకునే కథయితే వింట. పెద్దగ అచ్చేసిన పుస్తకమైతే ఇయ్యి, ఇంగ్లీషు నాకు నెమ్మదిగ నడుస్తది. తప్పిన దగ్గర నువ్వు చెప్పు.

మేనకోడలు: మొదటిదే ఇస్త. వరుస తప్పనియ్య.

వాదన తెగలేదు, తెగాలని నేను కోరను. నా తీర్పు మాత్రం చెబుతాను. వేగంగా పెరిగే నగరానికి కొత్తగా వెళ్లినవాళ్లు అక్కడి డిటెక్టివ్ సీరీస్ ఏదైనా ఉంటే మొదటి పుస్తకం నుంచి చదవాలి. కాలక్షేపానికైనా సరే, ఇల్లు కొనేముందు. ఫీనిక్స్‌కు టాల్టన్ ఉన్నాడు. మామ అడిగిన ప్రశ్న, మనవాళ్లు ఎక్కడ అన్నది, అతని నవలల్లో తీరదు, అతను తీర్చాల్సింది కూడా కాదు. సూరత్ తెలుగు బడుల్లో చదువుకున్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. తాపీ వరద, ప్లేగు, సాంచెలు, చెరకు కాలువలు అన్నీ కళ్లారా చూసినవాళ్లు, తెలుగు రాయగలిగినవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్లను నేను అడిగేది ఒకటే: సూరత్‌లోని లింబాయత్ గల్లీలు తెలిసిన ఒక తెలుగు డిటెక్టివ్‌ను పుట్టించండి, అతనికి ఒక పాత కేసు ఇవ్వండి, ఒక్క పుస్తకంతో ఆపకండి.